లేడీ మాక్బెత్‌కు పిల్లలెందరు?

1933లో ఎల్.సి. నైట్స్ అనే ఇంగ్లిషు విమర్శకుడు ఒక వ్యాసానికి ఈ ప్రశ్ననే పేరుగా పెట్టారు, వెక్కిరింపుగా. షేక్స్పియర్ నాటకాన్ని కావ్యంగా చదవాలి, పాత్రలు మన వీధిలో మనుషులు కారు, వాళ్ల సంసారాల కూపీ లాగడం దండగ అన్నది ఆయన వాదన. చదువుకునే గదిలో ఆ మాట చెల్లుతుంది. తాను బిడ్డకు పాలిచ్చిన తల్లినేనని సాయంత్రం ప్రేక్షకుల ఎదుట చెప్పాల్సిన నటికి మాత్రం చెల్లదు. ‘మాక్బెత్’ నాటకమంతా వెతికినా ఆ బిడ్డ కనిపించదు మరి! 1999లో రాయల్ షేక్స్పియర్ కంపెనీలో ఆ పాత్ర వేసిన హేరియట్ వాల్టర్, మాక్బెత్‌గా వేసిన ఆంటొనీ షేర్ ఆ దంపతులకు బిడ్డ పుట్టి పోయిందనే అనుకున్నారు. అలా అనుకున్నాక కిరీటం మీది యావ వేరేగా వినిపిస్తుంది.

ఆ పాత్రతో తాను పడ్డ పాట్లను వాల్టర్ 2002లో చిన్న పుస్తకంగా తెచ్చారు. ఇంగ్లండులో నటీమణులు ఇలా రాయడం కొత్తేమీ కాదు. హెలెనా ఫాసిట్ 1885లోనే షేక్స్పియర్ నాయికల గురించి లేఖల రూపంలో పుస్తకం వేశారు. తెర లేవకముందు వాళ్ల బాల్యం ఎలా గడిచిందో కూడా ఊహించి మరీ రాశారు. ఎలెన్ టెర్రీ ఊరూరా ఉపన్యాసాలిచ్చారు, అవి ఆమె పోయాక 1932లో అచ్చయ్యాయి. ఫాసిట్ ఊహలు కొన్నిచోట్ల మరీ తీపి అనిపిస్తాయి నాకు.

ఈ తరం నటుల పద్ధతిలో ఊహ కంటే ముందు చెవికి పని. షేక్స్పియర్ పద్యపాదానికి మామూలుగా పది అక్షరాలు. ఒకే పాదాన్ని ఇద్దరికి పంచితే, రెండో మనిషి ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా అందుకోవాలి. రాజు డంకన్ హత్య జరిగిన రాత్రి ఆ భార్యాభర్తల మాటలు ఒక్కో ముక్కగా తెగిపోతాయి. ఆ ముక్కలను వేగంగా అందుకుంటే భయం దానంతటదే పుడుతుంది, నటి ప్రత్యేకంగా వణకనక్కర్లేదు. మరొకటి చూడండి. భర్త ఉత్తరం చదవడం మినహాయిస్తే లేడీ మాక్బెత్ మొదట్లో మాట్లాడేదంతా పద్యమే. ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకుంటూ వచ్చేసరికి వచనంలోకి జారిపోతుంది. పిచ్చిని ఎలా అభినయించాలో వేరే చెప్పేవాళ్లు అవసరమా?

2006లో క్లియోపాత్రా వేశాక వాల్టర్‌కు చిక్కు వచ్చిపడింది. క్లియోపాత్రా వయసు దాటిన నటికి షేక్స్పియర్‌లో పెద్ద స్త్రీపాత్రలు దాదాపు లేవు. లండన్ డాన్మార్ థియేటర్లో దర్శకురాలు ఫిలిడా లాయిడ్ దారి చూపారు: ఆడవాళ్ల జైలు, అందులో నాటకం ఆడే ఖైదీలు, వేషాలన్నీ వేసేది స్త్రీలే. వాల్టర్ 2012లో బ్రూటస్, 2014లో నాలుగో హెన్రీ, 2016లో ప్రాస్పెరో అయ్యారు. ఆ ఏడాది వచ్చిన ఆమె పుస్తకం పేరు ‘బ్రూటస్ అండ్ అదర్ హీరోయిన్స్’. పేరులోనే చమత్కారం ఉంది.

2024లో ఇంకో అడుగు వేసి, షేక్స్పియర్ స్త్రీలు చెప్పకుండా మిగిలిపోయిన మాటలను తానే ఆయన ధోరణిలో కట్టి ‘షీ స్పీక్స్!’ అని వెలువరించారు. సాహసమే, కానీ ఆ ఖాళీలు నిజంగానే ఉన్నాయి. ‘మెజర్ ఫర్ మెజర్’ చివర డ్యూక్ రెండుసార్లు పెళ్లి మాట ఎత్తుతాడు. సన్యాసం పుచ్చుకోబోయిన ఇసబెల్లాకు జవాబుగా షేక్స్పియర్ ఒక్క పలుకూ రాయలేదు. చెయ్యి అందించాలా, ముఖం తిప్పుకోవాలా అన్నది ఆ వేషం కట్టిన ప్రతి నటీ రిహార్సల్లో తేల్చుకోవలసిందే.