ఇహ్రామ్‌లో గొడుగు పట్టవచ్చా?

హజ్‌కు పేరు వచ్చిన ఇంట్లో మొదట పుట్టేవి చిన్న చిన్న ప్రశ్నలే. ఇహ్రామ్ అనే యాత్ర వస్త్రాలు కట్టుకున్నాక నడుముకు బెల్టు పెట్టుకోవచ్చా? ఎండకు గొడుగు పట్టవచ్చా? గసగసాలు వేసిన మసాలా పొడి పెట్టెలో సర్దితే ఏమైనా అంటారా? పెద్ద నగరాల్లో ఉన్నవారు వీటిని అడగడానికి శిక్షణ శిబిరాలకు వెళ్తారు. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా నుంచి కోంటా వెళ్లే జాతీయ రహదారి మీదున్న దోర్నపాల్ లాంటి ఊళ్లవారికి ఆ వీలు తక్కువ. రాయ్‌పూర్ ఉత్తరాన ఎక్కడో ఉంది. భద్రాచలం, హైదరాబాద్‌లకు రాష్ట్రం దాటి వెళ్లాలి. గోండీ, దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు కలగలిసిన ఈ దారిలో అందరికంటే ముందు సలహా ఇచ్చేది చేతిలోని ఫోనే. ఎవరో పంపిన వీడియో, ఇంకెవరో పంపిన సందేశం. అసలు ఆ మాట మొదట ఎవరన్నారో పంపినవారికీ తెలియదు.

పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందట మక్కాలోనూ యాత్రికులు ఇలాంటివే అడిగేవారు. తేడా ఏమిటంటే, అక్కడ జవాబు చెప్పినవారి పేరు కూడా జవాబుతోపాటే రాసిపెట్టుకున్నారు.

ఆ పేర్లలో ముందు తలుచుకోవలసింది అతా ఇబ్న్ అబీ రబాహ్‌ను. యెమెన్‌లో పుట్టి మక్కాలో పెరిగిన నల్లజాతి విద్వాంసుడాయన. ఒక కన్ను లేదు, కాలు కుంటి, చేయి చచ్చుబడింది. చివరి రోజుల్లో రెండో కంటి చూపూ పోయిందని జీవిత చరిత్రకారులు రాశారు. అయినా హజ్ రోజుల్లో ఆయన తప్ప మరొకరు ఫత్వా ఇవ్వకూడదని ఉమయ్యద్ పాలకులు చాటింపు వేయించేవారని ప్రతీతి. క్రీ.శ. 732 ప్రాంతంలో కన్నుమూశారు. బెల్టు ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే దొరుకుతుంది. ఇహ్రామ్‌లో ఉన్నవాడు ఉంగరం పెట్టుకోవచ్చు, డబ్బు దాచుకునే నడుం పట్టీ కట్టుకోవచ్చు అని అతా అన్న మాటను ఇమామ్ బుఖారీ తన ప్రవక్త వచనాల సంకలనంలోని హజ్ అధ్యాయంలో చేర్చారు. ఈనాటి హాజీలు పాస్‌పోర్టు, రియాళ్లు పెట్టుకునే జిప్పు బెల్టుకు అంత పాత అనుమతి ఉంది.

అతా దగ్గర ఏళ్ల తరబడి చదువుకున్న శిష్యుడు ఇబ్న్ జురైజ్. గురువును అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు ఆయన వరసగా చెప్పుకుంటూ పోయారు. అవి అబ్దుర్రజాఖ్ ‘ముసన్నఫ్’ అనే పెద్ద సంకలనంలో మిగిలాయి. దాన్ని పరిష్కరించి 1970ల మొదట్లో అచ్చు వేయించింది ఉత్తరప్రదేశ్‌లోని మవూకు చెందిన హబీబుర్రహ్మాన్ ఆజమీ. ఆ పుటల్లో మనసుకు పట్టే విషయం ఒకటుంది. మక్కా అంతటికీ పెద్ద ముఫ్తీ అయిన అతా కొన్ని ప్రశ్నలకు ‘తెలియదు’ అనేస్తారు. శిష్యుడు దాన్నీ దాచలేదు. ఏది విన్నమాటో, ఏది గురువు సొంత అభిప్రాయమో విడదీసి అడిగాడు. తెలియదన్న మాటను కూడా భద్రపరిచిన చదువును నమ్మవచ్చు.

ఇక గొడుగు. ఇహ్రామ్‌లో మగవారు తలకు టోపీ పెట్టకూడదు, రుమాలు కట్టకూడదు. దాంతో నీడ కూడా కూడదేమోనని భయపడి మాడు మాడిపోయేలా తిరిగేవారుంటారు. ప్రవక్త ముహమ్మద్ క్రీ.శ. 632లో చేసిన వీడ్కోలు హజ్‌లో ఆయన వెంట ఉమ్ముల్ హుసైన్ అనే మహిళ ఉన్నారు. సహచరులు బిలాల్, ఉసామాలలో ఒకరు ఒంటె పగ్గం పట్టుకుంటే, మరొకరు ఎండ తగలకుండా ప్రవక్తకు పైన వస్త్రం ఎత్తి పట్టారని ఆమె చెప్పిన సంగతి ప్రవక్త వచనాల మరో సంకలనం సహీహ్ ముస్లింలో ఉంది. తలకు తగలని నీడ తప్పు కాదని చాలామంది పండితులు చెప్పేది ఈ సాక్ష్యం చూపే. ఒక స్త్రీ కళ్లారా చూసి చెప్పిన ఒక్క మాట ఇవాళ లక్షల గొడుగులకు ఆధారం.

అదే యాత్రలో రాత్రి బస చేసే ముజ్దలిఫా నుంచి జనం తొక్కిడి మొదలుకాకముందే బయలుదేరడానికి ప్రవక్త భార్య సౌదా అనుమతి అడిగారు. భారీ శరీరం, నెమ్మది నడక ఆమెవి. అనుమతి దొరికింది. జమరాత్ స్తంభాల దగ్గర విసరడానికి ప్రవక్త పినతండ్రి కొడుకు ఇబ్న్ అబ్బాస్ ఏరి ఇచ్చిన రాళ్లు వేళ్ల మధ్య పెట్టి విసిరేంత చిన్నవి. ప్రవక్త వాటిని అరచేతిలో పెట్టుకుని, ఇలాంటివే విసరండి, మతంలో అతి వద్దు అని హెచ్చరించారు. ముసలివారు, మోకాళ్ల నొప్పులున్నవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ వెసులుబాట్లే. వీటిని చెప్పకుండా కఠిన నియమాలు మాత్రమే నూరిపోస్తే ఆ బోధన సగమే.

ఈ చదువులో తెలుగునేలకూ పెద్ద వాటా ఉంది. హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 11వ శతాబ్దపు బైహఖీ రాసిన ‘సునన్ కుబ్రా’ను 10 సంపుటాలుగా అచ్చువేసింది ఈ సంస్థే. ఆ గ్రంథంలో ఏ పుట తిప్పినా ముందు పేర్లే ఎదురవుతాయి. మాకు ఫలానావారు చెప్పారు, వారికి ఫలానావారు చెప్పారు అంటూ తరతరాల వరస దాటాక గానీ అసలు విషయం రాదు. ఆ పేర్లలో ఎవరి జ్ఞాపకం గట్టిది, ఎవరిది కాదు అని తేల్చే గ్రంథాలూ ఇక్కడే అచ్చయ్యాయి. బుఖారీ ‘తారీఖ్ కబీర్’, ఇబ్న్ అబీ హాతిమ్ ‘జర్హ్ వ తాదీల్’ అలాంటివి. వాటిని పరిష్కరించిన యెమెన్ పండితుడు అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ పాతికేళ్లపాటు హైదరాబాద్‌లో ప్రతులు సరిచూసి, తర్వాత మక్కా వెళ్లి అక్కడి పెద్ద మసీదు హరమ్ గ్రంథాలయంలో పనిచేశారు.

సరిచూడని మాటకు నేడు మూల్యం ఎక్కువ. 2024 జూన్‌లో మక్కాలో ఎండ 51.8 డిగ్రీలకు చేరింది. ఆ ఏటి హజ్‌లో 1,301 మంది చనిపోయారని, వారిలో 83 శాతం అనుమతి పత్రం లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేనివారికి ఏసీ గుడారాలూ బస్సులూ అందవు. కాబట్టి ‘పర్మిట్ అక్కర్లేదు, నేను చూసుకుంటా’ అనే ఏజెంటును నమ్మవద్దు. మెనింజైటిస్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. నేరుగా జెద్దా వెళ్లే విమానం ఇహ్రామ్‌లోకి ప్రవేశించవలసిన హద్దు మీఖాత్‌ను గాలిలోనే దాటుతుంది కాబట్టి ఇహ్రామ్ వస్త్రాలు విమానం ఎక్కేముందే కట్టుకుంటే మేలు. గసగసాలు సౌదీలో నిషిద్ధం, పొడిలో కలిపినా సరే పెట్టెలో పెట్టవద్దు.

హజ్ కమిటీలు, మసీదు పెద్దలు ఒక పని చేయాలి. తెలుగు వచ్చిన హాజీల కోసం జేబులో పట్టే చిన్న పుస్తకం వేయాలి. ప్రతి సలహా కింద అది ఎవరి మాటో, ఏ గ్రంథంలో ఉందో ఒక్క వాక్యంలో రాయాలి. దోర్నపాల్, కోంటా, చింతూరు వైపు వెళ్లే బస్సుల్లోనూ ఆ పుస్తకం చేరాలి. అంతవరకు ఫోన్‌లోకి హజ్ సలహా వచ్చినప్పుడల్లా, పంపినవారిని ఇది ఎవరు చెప్పారని అడగండి. జవాబు రాకపోతే మరొకరికి పంపకండి.