ఇటు చూడకండి

మన ఇళ్లలో ఏ ఆల్బమ్ తిప్పినా పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, తిరుమల ప్రయాణాలే. జీవితమంతా కట్టెల పొయ్యి ముందు సంగటి కెలికిన అవ్వకు ఆ పొయ్యి దగ్గర ఒక్క ఫోటో ఉండదు. ఉన్న ఒక్కటీ స్టూడియోలో, పూలకుండీల తెర ముందు, ఊపిరి బిగబట్టి నిలబడిందే. రీలుకు 36 బొమ్మలే వచ్చే కాలంలో దాన్ని తప్పు పట్టలేం. డబ్బులిచ్చి సంగటి కెలికేది ఎవరు తీయించుకుంటారు? ఇప్పుడు రీలు ఖర్చు లేదు, జేబులో ఫోనుంది. అయినా వంటింటి ఫోటో లేదు, సెల్ఫీలు మాత్రం వేలకు వేలు.

నాకు ఏ సందర్భమూ లేకుండా తీసిన ఫోటోలంటేనే ఇష్టం. మదనపల్లె నీరుగట్టువారిపల్లె టమోటా మార్కెట్‌కు పత్రికల కెమెరాలు ఎక్కువగా రెండు సందర్భాల్లోనే వస్తాయి: ధర మండినప్పుడు, సరుకు రోడ్డు పక్కన పారబోసినప్పుడు. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటిన రోజుల్లో ఆ క్రేట్ల బొమ్మలు దేశమంతా తిరిగాయి. ధర పెరగని, పడని మామూలు రోజు పోయి చూడండి. వేలం సాగుతుంటే రైతు పాట పాడేవాళ్ల మొహాలు చూడడు. ఒక చెయ్యి క్రేటు అంచు మీద వేసి, తన కాయల్నే చూసుకుంటూ ఉంటాడు. ఆ చెయ్యే ఫోటో. ‘అన్నా, మళ్లీ అట్లే పెట్టు’ అన్నామా, ఇక వచ్చేది నటనే.

పుంగనూరు ఆవుతో తంటా ఇంకోటి. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫోటోలు వచ్చాక దానికి గిరాకీ పెరిగింది. మూడడుగులకు అటూ ఇటూ ఉండే జీవం. నిలబడి తీస్తే దూడలాగుంటుంది, నేలకు వంగి ఒంటరిగా తీస్తే మామూలు ఆవైపోతుంది. దాని పొట్టితనం తెలియాలంటే పక్కన పాలచెంబో, ఇంటామె మోకాలో పడాలి. ముస్తాబు చేసి తీసేవాళ్లు ముందుగా పక్కకు తీసేసేది వాటినే!

కుప్పంలో ఫోటోల కోసం నేను రైల్వే స్టేషన్‌కే పోతాను. పొద్దున్నే బెంగళూరు పనులకు పోయేవాళ్లు తెలుగు, తమిళం, కన్నడం కలిపి కొట్టే కబుర్లు ఫోటోలో పడవు, అదొక్కటే నా బాధ. కిటికీ ఊచల్లోంచి సీటు మీదికి కర్చీఫ్ విసిరే చెయ్యి మాత్రం పడుతుంది.

ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాఁ తన చిన్న లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు అంటించుకునేవాడు, ఫ్లాష్ జోలికి పోయేవాడు కాదు. ఫోన్లతో మనకా తిప్పలు లేవు కానీ, దొంగచాటు బుద్ధి వస్తే అది ఫోటోగ్రఫీ కాదు. ముందే అడిగితే ఫోటో పోతుంది, తర్వాతైనా అడక్కపోతే మర్యాద పోతుంది.

కాబట్టి తీశాక చూపించండి. వద్దంటే వాళ్ల ముందే తుడిచేయండి. నచ్చిందంటే ఒక కాపీ కడిగించి, వెనక ఊరి పేరు, తేదీ రాసి వాళ్ల చేతికివ్వండి.