త్ర్యంబకంలో మా నాన్న ఏడవలేదు

రెండేళ్ళ క్రితం నేనొక యాత్రావ్యాసం రాశాను. ఎక్కడ అచ్చయిందో చెప్పను, దయచేసి వెతక్కండి. హైదరాబాదు నుంచి కుటుంబమంతా కారులో గోదావరి పుట్టినచోటుకి వెళ్ళిరావడం గురించిన వ్యాసం అది. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఒకరిద్దరు కళ్ళు చెమర్చాయని రాశారు. ఆ చెమర్చడానికి కారణమైన పేరా చివర్లో ఉంటుంది: గంగాద్వారం దగ్గర రాతి గోముఖంలోంచి పడుతున్న సన్నటి ధార కింద మా నాన్న దోసిలి పట్టి, ఆ నీళ్ళలో అమ్మని తలుచుకుని, నిశ్శబ్దంగా ఏడ్చాడు.

మా నాన్న గంగాద్వారం ఎక్కనేలేదు. మోకాళ్ళ నొప్పులు. కింద కుశావర్తం గట్టు మీద కూర్చున్నాడు. ఏడవనూ లేదు.

వ్యాసం ఆయనకి చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చదివి, "బాగుంది. ఎవరో వాళ్ళ నాన్న గురించి రాసుకున్నట్టుంది," అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో. నిజంగానే అలా అనిపించింది ఆయనకి. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నేను అబద్ధం ఆడాలని కూర్చుని రాయలేదు. చెయ్యి తనంతట తానే అటు పోయింది. ఎందుకు పోయింది అని ఆలోచిస్తూ, నదుల జన్మస్థానాల గురించి తెలుగులో వచ్చే యాత్రావ్యాసాలని, నాదాన్ని కూడా కలుపుకుని, ఒక సమీక్షకుడిలా మళ్ళీ చదివాను. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

ఈ వ్యాసాలకి ఒక అచ్చు ఉంది. తెల్లవారుజామున కారు బయల్దేరుతుంది. డిక్కీలో పులిహోర, జంతికలు ఉంటాయి. తర్వాత రెండు వాక్యాల్లో ఏడువందల కిలోమీటర్లు అయిపోతాయి. ఊరు చేరగానే భాష మారిపోయి, అప్పటిదాకా "వెళ్ళాం, తిన్నాం" అంటున్న రచయిత ఉన్నట్టుండి "పూర్వము గౌతమ మహాముని" అని మొదలుపెడతాడు. స్థలపురాణం అయ్యాక మెట్లు, కోతులు, ఆయాసం. చివరికి ఆ ధార. "ఈ చిన్న బిందువేనా మా ఊళ్ళో సముద్రంలా కనిపించేది!" అన్న ఆశ్చర్యార్థకం. చుట్టూ పడున్న ప్లాస్టిక్ సీసాల మీద ఒక పేరా బాధ. తిరుగు ప్రయాణం. ఊరి పేరు మారిస్తే ఇదే వ్యాసం గంగోత్రికి, తలకావేరికి, అమర్‌కంటక్‌కి, మహాబలేశ్వరానికి కూడా సరిపోతుంది. ఈ అచ్చులో రోడ్డుకి చోటు లేదు. కారులో కూర్చున్న మనుషులకి అసలే లేదు.

ముందు ఆ "చిన్న బిందువు" వాక్యం సంగతి చూద్దాం, ఎందుకంటే నేనూ రాశాను దాన్ని. వినడానికి బాగుంటుంది కానీ అందులో నిజం చాలా తక్కువ. బ్రహ్మగిరి మీద ఊరిన నీరు కిందికి దిగి నాసిక్ చేరకముందే గంగాపూర్ ఆనకట్ట దగ్గర ఆగుతుంది. దాటిందేదైనా నాందూర్ మధ్మేశ్వర్‌లో, పైఠణ్ దగ్గర జాయక్‌వాడీలో ఆగుతుంది. ఆ జలాశయం పేరే నాథసాగర్. చూస్తే సముద్రంలాగే ఉంటుంది. అక్కణ్ణించి నాందేడ్ దగ్గర విష్ణుపురి, ఆ తర్వాత బాబ్లీ, మన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. శ్రావణంలో రాజమండ్రి రేవుల్లోకి వచ్చే ఆ ఎర్రనీళ్ళలో ఎక్కువ భాగం కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహితవి, ఆ దిగువన కలిసే ఇంద్రావతివి, కూనవరం దగ్గర కలిసే శబరివి. అంటే మా ఊరి గోదారిలో విదర్భ ఉంది, బస్తర్ ఉంది, ఒడిశా కొండలున్నాయి. త్ర్యంబకం నీళ్ళు మా రేవుకి రావాలంటే ఇన్ని గేట్లు ఎత్తాలి. పవిత్రత విషయంలో ఈ లెక్క అక్కర్లేదని మీరనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ నేను రాసింది స్తోత్రం కాదు, యాత్రావ్యాసం. "ఇక్కడి చుక్కే అక్కడి వరద" అని రాసినప్పుడు, చూసినదాని మీద కాకుండా వినికిడి మీద రాశాను.

మా నాన్న ఈ సంగతి నాకన్నా ముందే కనిపెట్టాడు. పైఠణ్‌లో జలాశయం చూస్తూ, "ఇన్ని నీళ్ళు ఇక్కడే పట్టుకుంటే మనకొచ్చేవి ఎవరివిరా?" అన్నాడు. మంచి ప్రశ్న. వ్యాసంలో పెట్టలేదు. పెడితే చివరి పేరా కూలిపోతుంది కదా.

స్థలపురాణం విషయంలో నా తప్పు ఇంకా పెద్దది. మూడు వాక్యాల్లో తేల్చేశాను. కరువొచ్చింది, గౌతముడు తపస్సు చేశాడు, గంగ దిగింది. అసలు కథ తీరిగ్గా చదివితే మీరు తుళ్ళిపడతారు. కరువుకాలంలో అందరికీ అన్నం పెట్టినవాడు గౌతముడు. ఆ అన్నం తిన్న మునులే, ఆయన పేరు చూసి ఓర్వలేక, మాయావుని ఆయన చేలోకి తోలారు. దర్భపోచతో అదిలిస్తే అది చచ్చిపడింది. గోహత్య చేశావన్నారు. ఆ మచ్చ కడుక్కోవడానికి ఆయన శివుణ్ణి మెప్పించి గంగని దింపుకున్నాడు. నిలవకుండా మాయమవుతున్న నీటిని దర్భలతో చుట్టి నిలిపినచోటే కుశావర్తం అంటారు. అంటే మన గోదావరి పుట్టుకకి కారణం ఒకరి తపస్సుతోపాటు ఇరుగుపొరుగు కుళ్ళుమోతుతనం కూడా! చేసిన మేలు, దానికొచ్చిన నింద, ఆ నింద మోసినవాడు. ఇంత మంచి కథని మనం ఎంత పొడిపొడిగా చెప్పుకుంటున్నాం! విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసానిని రాసినప్పుడు ఈ కిటుకు పట్టుకున్నాడనిపిస్తుంది. అత్తాకోడళ్ళ తగువులోంచి ఒక వాగు పుట్టింది అక్కడ. కోడలు నీరై పోయింది, మొగుడు రాయై నిలబడిపోయాడు. ఏటి పుట్టుక గురించి తెలుగులో నాకు బాగా నచ్చిన కావ్యం అది. అది గోదావరిలో కలిసే ఏటిది, గోదావరిది కాదు.

గోదావరిని మనం ఎప్పుడూ కింద నుంచే చూశాం. 'అందాల రాముడు' (1973) పడవ రాజమండ్రిలో బయల్దేరి భద్రాచలం వైపే పోతుంది. 'గోదావరి' (2006) లాంచీదీ అదే దారి. వంశీ పసలపూడి కథలు డెల్టావి. కోస్తావాడి సాహిత్యం చదివితే గోదావరి భద్రాచలం గుడి వెనకాల ఎక్కడో పుట్టిందనుకుంటారు. (బాసర, ధర్మపురి, మంథని వాళ్ళకి ఇది చదివి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. ఇది నా చదువులోని లోటు, మా జిల్లావాళ్ళందరి లోటు.) దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వచ్చినవాడు కాకా కాలేల్కర్. సతారాలో పుట్టిన మరాఠీవాడు, గుజరాతీలో రాసినవాడు. రాజమండ్రి దగ్గర రైల్లోంచి గోదావరిని చూసి దక్షిణగంగ అంటూ ఒక వ్యాసం రాశాడు. నాసిక్ వైపు గోదావరి ఎరిగినవాడు కాబట్టి మన దగ్గరి వెడల్పు చూసి ఆశ్చర్యపోయే హక్కు అతనికుంది. మనది తిరకాసు వ్యవహారం. వెడల్పుకి అలవాటుపడ్డ కళ్ళతో పైకి వెళ్తాం. అక్కడ కనిపించేది చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్నతనం దగ్గర తెలుగు రచయిత ఏం చెయ్యాలో తెలియక కన్నీళ్ళు పెట్టిస్తాడు. తన కన్నీళ్ళు కాకపోతే వాళ్ళ నాన్నవి.

మరి ఎలా రాయాలి? మనకో పెద్దమనిషి ఎప్పుడో చూపించాడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కుటుంబంతో, పెద్ద పరివారంతో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది, దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో 1941లో మళ్ళీ వచ్చింది. తెలుగులో కుటుంబ రోడ్డుప్రయాణం గురించిన మొదటి పెద్ద పుస్తకం అదే అంటే తప్పులేదు. ఆయన భక్తిలో ఏ లోటూ లేదు, మనకన్నా నాలుగాకులు ఎక్కువే. అయినా ఆ పుస్తకంలో రోడ్డు మాయం కాదు. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, దిగడానికి వసతి ఉందా, నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, దారి రాళ్ళా ఇసుకా, బోయీల కష్టం ఏమిటి, ఇవన్నీ రాస్తూ పోతాడు. ఆ లెక్కల మధ్యే దేవుడు కూడా ఉంటాడు. ఏ వస్తువు దొరకలేదో చెప్పిన నోటితోనే దర్శనం గురించి చెప్తాడు కాబట్టి ఆ దర్శనాన్ని నమ్ముతాం. కొన్నిచోట్ల విసుగు పుట్టిస్తాడు, నిజమే. ఊరి తర్వాత ఊరు, మజిలీ తర్వాత మజిలీ. నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను. మూడోసారి, నాన్న ఆ మాట అన్న తర్వాత, చివరిదాకా చదివాను.

సరే, వీరాస్వామయ్య పద్ధతిలో నా ప్రయాణం మళ్ళీ చెప్తాను.

మాఘమాసం. కారులో ఐదుగురం: నాన్న, నేను, నా భార్య, మా అబ్బాయి, చెల్లి. నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా వెళ్ళాం. ఏటిని వదలకుండా పోవాలని నాన్న పట్టు. నిజానికి రోడ్డు ఏటిని చాలాసార్లు వదిలేస్తుంది. నాందేడ్‌లో గురుద్వారాలో భోంచేశాం. ఆ దాల్ నాన్నకి నచ్చింది. ఔరంగాబాదులో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) రాత్రి బస. మర్నాడు దారి మళ్ళి పైఠణ్. శాతవాహనుల ప్రతిష్ఠానం అని మా అబ్బాయికి చెప్పబోతే వాడు చెవుల్లోంచి తీగలు తియ్యలేదు.

పైఠణ్ నుంచి నాసిక్ వెళ్ళే దారిలో ఊళ్ళో ఇల్లు అమ్మే సంగతి వచ్చింది. నేనే ఎత్తాను. అమ్మ అస్థికలు కోటిలింగాల రేవులో కలిపి అప్పటికి పదినెలలు. నాన్న ఒక్కడూ ఆ ఇంట్లో ఉండలేడని నా వాదన. "అమ్మ పోయిన ఏడాదైనా తిరక్కుండా ఏంటన్నయ్యా ఇది," అంది చెల్లి. నేను గొంతు పెంచాను. మా ఆవిడ "మావయ్యగారి ముందు వద్దు," అంది. నాన్న కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. నాసిక్ చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఊళ్ళోకి దిగుతుంటే మాత్రం, "అమ్మేద్దాంలే," అన్నాడు. అంతే. ఇవేవీ నా వ్యాసంలో లేవు. "మరాఠ్వాడా మైదానాల్లో ప్రయాణం ఆహ్లాదంగా సాగింది" అని ఉంది.

త్ర్యంబకంలో గుడి నల్లరాతిది, పీష్వాలు కట్టించింది. క్యూ పెద్దది. దర్శనమయ్యాక కుశావర్తానికి వచ్చాం. నాలుగు పక్కలా రాతిమెట్లున్న చదరపు కోనేరు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. జనం మునుగుతున్నారు. నాన్న మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూశాడు.

"ఇంతేనేంట్రా?"

"పైన కొండ మీద ఉంది నాన్నా, అసలుది."

"అక్కడెంతుంటుంది?"

"ఇంకా చిన్నది."

ఆయన కిందికి దిగి, కళ్ళజోడు తీసి, ఆ నీళ్ళలో కడిగి, పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. గట్టు మీద కూర్చుని, "మీరెళ్ళి చూసిరండి, నేనిక్కడ టీ తాగుతాను," అన్నాడు. నేనూ మా అబ్బాయీ మెట్లెక్కాం. గంగాద్వారంలో ధార నిజంగానే చాలా సన్నం. నాకు ఏమీ అనిపించలేదు. వాడు ఫొటో తీశాడు. కిందికొచ్చేసరికి నాన్న ఒక సీసాలో కుశావర్తం నీళ్ళు పట్టి మూత బిగించి పక్కన పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు నేను. తిరిగొచ్చాక, ఇల్లు ఖాళీ చేసిన రోజున, ఆ సీసా తీసుకెళ్ళి మా ఊరి రేవులో వంపాడు. చెల్లి చెప్పింది. నేను అప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నాను.

నా వ్యాసంలో దోసిలి పట్టించిన చేతులు ఇవే. అవి నిజంగా చేసిన పని నాకు కనిపించలేదు. కనిపించేచోట నేను లేను.

ఇది అచ్చుకి పంపేముందు నాన్నకి చదివి వినిపించాను. ఇల్లు సంగతి ఉంది, ఫరవాలేదా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "రాసుకో," అన్నాడు. "రేటు మాత్రం రాయకు. కొన్నవాడు చదివినా చదువుతాడు."