యాజకుల్లో నేనూ ఒకణ్ణి

ఆదివారం ఆరాధనలో పాఠం చదివే వంతు నాదైతే శనివారం రాత్రే బైబిలు తీసి, పైకి చదువుకుంటాను. పౌలు పత్రికల్లో ఒక్కో వాక్యం కొండవాగులా సాగుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే చూసుకోకపోతే వెనక బెంచీలవాళ్లకు ఏమీ అందదు.

"అయ్యగారే చదివేస్తే పోలా మామా?" అన్నాడు మా సంఘంలో ఒక కుర్రాడు.

పోదు. బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లూ యాజకులేనని లూథర్ 1520లోనే జర్మనీ ప్రభువులకు రాశాడు. ఆయన చిన్న కాటెకిజం కూడా ఇంటి పెద్ద ఇంట్లోవాళ్లకు నేర్పడానికి రాసిందే. 1746లో జర్మనీలోని హాలేలో అది తెలుగులో అచ్చయింది. తెలుగు తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. మరి అయ్యగారెందుకు? 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ప్రకారం, సక్రమంగా పిలుపు పొందనివాళ్లు సంఘం ముందు బోధించకూడదు, సంస్కారాలు ఇవ్వకూడదు. యాజకత్వం అందరిదీ అయినా ఆ బాధ్యత అప్పగించేది కొందరికే. అదే ప్రమాణం ప్రకారం, సువార్త స్వచ్ఛంగా బోధించి, సంస్కారాలు దానికి తగ్గట్టు ఇచ్చేచోట సంఘం ఉన్నట్టే. ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదు.

సంఘం అంటే ఇదేనన్న మాటకు మా వైపు పెద్ద పరీక్షే వచ్చింది. 1860ల్లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ ఇక్కడ పని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ మిషనరీలు బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశస్థులయ్యారు, పని వదిలి పోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలోని ఒహాయో సినడ్ ఆ బాధ్యత తీసుకుంది. దొరలు మారారు గానీ సంఘం మిగిలింది. 1945లో అదే దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమైంది; దాని కేంద్రం మన తిరుపతే. దొరలు ఎవరైనా, పల్లెల్లో రోజూ జనం మధ్య ఉండి వాక్యం చెప్పింది ఉపదేశులే. వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో అరుదు, అదే నాకు బాధ.

ఇప్పుడు రేణిగుంట రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు చూస్తే, జనం సంఘానికి కాకుండా 'దైవజనుడి' ముఖానికి వెళ్తున్నారేమో అనిపిస్తుంది. కానీ ఇచ్చే మనిషి చెడ్డవాడైనా సంస్కారం చెల్లుతుందని ఆగ్స్‌బర్గ్ ప్రమాణంలోనే ఉంది. నాకది పెద్ద ఊరట. అయితే సంఘం ఎన్నికలు దగ్గరపడితే ఈ మాటనే పెద్దలు కొందరు అడ్డం పెట్టుకుంటారు, వాళ్ల తప్పులు ఎవరూ అడగకూడదన్నట్టు. సర్వసభ్య సమావేశంలో అలా ఎవరైనా మాట్లాడితే లేచి లెక్కలు అడుగుతాను. యాజకుల్లో నేనూ ఒకణ్ణే కదా.