హద్దు కొలిచే నేర్పు

మెదక్ పట్టణపు అంచుల్లో ఇరుగుపొరుగుల గట్టు తగాదా ముదిరినప్పుడు, ఇరుపక్షాలూ చివరకు ఎదురుచూసేది భూమి కొలిచే సర్వేయరు కోసమే. నిజాం కాలం నాటి టిప్పన్‌ను, అంటే ఒక్కో సర్వే నంబరుకు కొలతలు రాసి ఉంచిన చేతిగీత పటాన్ని, గ్రామ నక్షాతో సరిచూసి, కదలని పాత హద్దురాయిని ఆధారం చేసుకుని అతడు కొలత మొదలుపెడతాడు. 33 అడుగుల నలుచదరం ఒక గుంట, అనగా 121 చదరపు గజాలు. 40 గుంటలు ఎకరం. ఈ లెక్క ఎవరైనా నేర్వవచ్చు. ఆ మొదటి రాయిని గుర్తుపట్టడమే అసలైన విద్య. అది తప్పితే, ఉపగ్రహ పరికరంతో ఎంత సూక్ష్మంగా కొలిచినా హద్దు పొరుగువారి చేనులో పడుతుంది. గౌరవించదగిన ఈ పనికి సహకరించడానికి కొలతరోజున ఇరువైపులవారూ గట్టుమీద నిలబడి, పాతిన రాళ్లు కదలకుండా కాపాడాలి.