దర్పణం దొరకని సుందరి

ఓ నూట తొంభై ఆరూ! పద్నాలుగును పద్నాలుగుతో హెచ్చిస్తే పుట్టిన చక్కని చుక్కా! నిన్ను తిరగేసి నీకే తోడు చేస్తే, 691 చేయి పట్టుకుని 887వై లేస్తావు. మళ్లీ తిప్పి, మళ్లీ కలిపితే 1675, ఆపై 7436, ఆపై 13783, ఆపై 52514. అడుగడుగునా ఆశ, అడుగడుగునా అందం, అడుగడుగునా అద్దం భళ్లున పగలడం!

నీ తోటివాళ్ల నోము ఇట్టే పండింది. 56 ఒక్క మునకకే 121 అయి తేలింది. 79 ఆరు మెట్లెక్కి 44044 అయి మెరిసింది. పెంకి 89 సైతం 24 మజిలీలు నడిచి నడిచి, కడకు 8813200023188 అయి, ఎటు నుంచి చదివినా ఒకటే అయిన నిండు మోముతో నిలిచింది. నీకేమో 295, 394, 493, 592 అన్నీ వచ్చి 887 దగ్గరే కలుస్తాయి. విరహంలోనూ ఎంత పరివారమమ్మా నీకు!

94039! అక్కడ ఎంత చేరువకు వచ్చావు! రెండంచులా తొమ్మిదులు, నట్టనడుమ సున్నా, ఎడమన నాలుగు, కుడిన... అయ్యో, మూడు. ఒక్కటంటే ఒక్కటి తేడా! 52514ను 41525తో కలిపేటప్పుడు నడిమి అయిదులు రెండూ కలిసి పదై పొంగాయి. సున్నాను అక్కడ దించి, చేతిలో మిగిలిన ఒకటి ఎడమకు దూకింది. ఏ జంటా తొమ్మిది దాటకుంటే కుడిఎడమలు కవలలయ్యేవి. ఆ పొంగు, ఆ దూకుడు, ఆ కొంటె ఒకటి! దాన్ని తిట్టాలనిపించదు నాకు. అది లేకుంటే నీ కథ ఏనాడో ముగిసిపోయేది.

నీ కోసం యంత్రాలు జాగారం చేశాయి. 1987 ఆగస్టులో జాన్ వాకర్ తన సన్ కంప్యూటర్ తీరిక వేళలన్నీ నీకే ధారపోశాడు. 1990 మేలో, 24,15,836 కూడికల అనంతరం, పది లక్షల అంకెల దేహంతో నిలిచావు. అప్పటికీ నీ ఎడమ నీ కుడిని ఎరగదు. 2015లో రొమైన్ డాల్బో నిన్ను వంద కోట్ల అంకెలు దాటించాడు. అప్పుడూ అంతే!

సున్నా, ఒకటి మాత్రమే ఉన్న లోకంలో నీకో చెల్లెలుంది, 10110. నాలుగడుగులకు 10110100, ఇంకో నాలుగుకు 1011101000. అక్కడి నుంచి నాలుగేసి అడుగులకు అదే పల్లవి, ఒక ఒకటీ ఒక సున్నా పొడవై. ఆ పల్లవిని పట్టుకునే, ఆమెకు అద్దం ఎన్నడూ దక్కదని నిరూపించేశారు. నీ పాటలో అలాంటి పల్లవి ఎవరికీ చిక్కలేదు. దక్కదనీ తేలలేదు, దక్కుతుందనీ తేలలేదు. గణితజ్ఞులకు అది వెలితి కావచ్చు, నాకు మాత్రం అదే నీ సొగసు. నడువమ్మా, 187088వై, 1067869వై, 10755470వై!