ఫేజు లేని స్విచ్చు

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ పాత దుకాణాల్లో గోడ పైభాగాన, కప్పుకు జానెడు కింద, రోషన్‌దాన్‌లు కనిపిస్తాయి. పప్పులు, బెల్లం, మసాలా దినుసుల బస్తాల మధ్య వేడెక్కిన గాలి పైకి లేచి వాటిగుండా బయటికి పోయేది. దానికి తీగ అక్కర్లేదు, స్విచ్చు అక్కర్లేదు. ఇప్పుడు చాలాచోట్ల వాటిని అద్దంతోనో ప్లైవుడ్‌తోనో మూసేశారు. కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇళ్లలో ఏసీ రాగానే మొదట మూతపడేది రోషన్‌దానే. గది చల్లబడుతుంది, గాలి మాత్రం పాతదే తిరుగుతూ ఉంటుంది.

ఈ ఇబ్బందికి మందుగా వచ్చిందే హీట్ రికవరీ వెంటిలేషన్ యూనిట్. ఒక ఫ్యాను లోపలి గాలిని బయటికి తోస్తుంది, ఇంకొకటి బయటి గాలిని లోపలికి లాగుతుంది. రెండు గాలులూ పలచని పలకలకు అటొకటి ఇటొకటిగా, కలవకుండా పోతూ వేడిని మాత్రం ఇచ్చిపుచ్చుకుంటాయి. చలిదేశాల్లో వెచ్చదనం కాపాడే ఈ యంత్రం మన దగ్గర చల్లదనాన్ని కాపాడుతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలు, గదిలో 25 ఉంటే, 70 శాతం సామర్థ్యమున్న యూనిట్ కొత్త గాలిని దాదాపు 30 డిగ్రీలకు దించి లోపలికి వదులుతుంది. బయటి గాలి ఎక్కువగా తీసుకునే పెద్ద హోటళ్లు, ఆసుపత్రుల ఏసీ వ్యవస్థలకు కనీసం 50 శాతం రికవరీ ఉండాలని 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి చెప్పింది.

యంత్రం సంగతి కంపెనీల కరపత్రాల్లో దొరుకుతుంది. దాన్ని కరెంటుకు కలిపే చేతుల గురించే ఎవరూ రాయరు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ బజార్లకు పాకిన వైరింగ్ గోడమీద చెక్క పట్టీ వేసి, తీగలు పరిచి, రేకు క్లిప్పులు మడిచిన బ్యాటన్ వైరింగ్. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కంటికి కనిపించేది. ఉస్తాద్ పక్కన చేరిన కుర్రాడికి ముందుగా అబ్బే సూత్రం ఒక్కటే: ఫేజు స్విచ్చుకు, న్యూట్రల్ నేరుగా లైటుకు. తిరగేసినా లైటు వెలుగుతుంది. కానీ స్విచ్చు ఆపాక కూడా హోల్డరులో ఫేజు మిగిలే ఉంటుంది, బల్బు మార్చే చెయ్యి ఆ షాకు తింటుంది.

రెండోది సిరీస్ ల్యాంపు. చెక్క పలక మీద ఒక హోల్డరు, అందులో 100 వాట్ల పాతరకం బల్బు, పక్కన సాకెట్. కొత్తగా లాగిన సర్క్యూట్‌ను నేరుగా మెయిన్‌కు ఇవ్వకుండా ముందు ఈ బల్బు గుండా కలుపుతారు. స్విచ్చులన్నీ ఆపి ఉన్నప్పుడు బల్బు వెలగకూడదు. ఫ్యాను నడిస్తే మందంగా, ఎర్రగా వెలగాలి. నిండు వెలుగుతో భగ్గుమంటే ఎక్కడో ఫేజు, న్యూట్రల్ ఒకదాన్నొకటి తాకుతున్నట్టే. షార్టు ఉన్నా బల్బు అర ఆంపియర్‌కు మించి పోనివ్వదు, అందుకే తీగ కాలదు, ఫ్యూజు పోదు. దీనికి ఎల్‌ఈడీ పనికిరాదు, ఫిలమెంటు బల్బే కావాలి. ఇంత చవకలో ఇంత నమ్మకమైన పరీక్షను నేను ఇంకోటి చూడలేదు.

కొత్త యూనిట్ దగ్గరికొచ్చేసరికి ఈ రెంటిలో మొదటిదే చిక్కు తెస్తుంది. యూనిట్‌కు ఫేజు, న్యూట్రల్, ఎర్త్ ఎప్పుడూ ఉండాలి. అది రోజంతా నెమ్మదిగా తిరిగే యంత్రం. దగ్గర్లోనే ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే డబుల్ పోల్ ఐసొలేటర్ కావాలి, ఫిల్టరు కడిగేవాడి ప్రాణం దాని మీదే ఉంటుంది. మిర్చి ఘాటూ పప్పు ధూళీ ఉండే ఈ బజార్లో ఫిల్టరు తరచూ విప్పక తప్పదు. ఇంతవరకూ తెలిసిన పనే. ఆపైన ఫ్యాన్ల వేగం పెంచడానికి వంటింట్లో ఉండే బూస్ట్ స్విచ్చు ఉంది. చాలా యూనిట్లలో దాని తీగలకు బయటినుంచి కరెంటే ఇవ్వకూడదు. లోపలి బోర్డు తానే కొద్ది వోల్టేజీ పంపి, తీగలు కలిశాయా లేదా అని చూసుకుంటుంది. స్విచ్చంటే ఫేజే అని ఏళ్లుగా అలవాటైన చెయ్యి అక్కడ 230 వోల్టులు తగిలించిందో, బోర్డు ఆ క్షణమే పోతుంది. కొన్ని తయారీల్లో మాత్రం అదే టెర్మినల్‌కు 230 ఇవ్వాలి. ఏది ఏదో మూత వెనుక అంటించిన డయాగ్రం చూస్తేనే తెలుస్తుంది.

ఫ్యాను వేగాన్ని 0 నుంచి 10 వోల్టుల సిగ్నల్ నడిపే యూనిట్లలో ఆ కంట్రోల్ తీగను పవర్ తీగతో ఒకే పైపులో లాగకూడదు. పక్కన పారే కరెంటు దానిలోకి వోల్టేజీని ఎక్కిస్తుంది, ఫ్యాను తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వేరే పైపు, షీల్డు ఉన్న తీగ, ఆ షీల్డుకు ఒక్క కొసలోనే ఎర్త్.

పాత ఇళ్లలో ఇంకో అలవాటుంది. న్యూట్రల్ ఏది దగ్గరుంటే దాన్నే అందుకోవడం. లైటుకు నడిచిపోయింది. లీకేజీని పసిగట్టి కరెంటు తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిన సర్క్యూట్‌లో నడవదు. వెళ్లిన కరెంటు తన దారినే తిరిగి రాకపోతే అది ట్రిప్పవుతుంది. యంత్రం పాడైందని ఇంటివాళ్లు అనుకుంటారు, తప్పు మాత్రం ఎప్పటిదో ఒక జంక్షన్ బాక్సులో ఉంటుంది. తీగ వెంట వేలు పోనిచ్చి మొదలు వెతికే పాత పద్ధతే దాన్ని పట్టిస్తుంది. సిరీస్ ల్యాంపు క్రమశిక్షణా ఇక్కడే అక్కరకొస్తుంది, కాకపోతే బోర్డు తీసేసి తీగలను మాత్రమే పరీక్షించాలి. ఆపైన ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెడితే అది కనీసం ఒక మెగాఓం చూపాలి.

2025 మే 18న మూసీకి అవతల గుల్జార్ హౌజ్‌లో మంటలు 17 మందిని బలిగొన్నాయి. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. బయటికి పోయే దారి ఇరుకు, పొగ పోయే దారి లేదు. ఇలాంటి ఇళ్లలో గాలి యంత్రం పెట్టేవాళ్లు ఇంకో రెండు తీగలు తప్పక వేయించాలి: పొగ అలారం మోగగానే రెండు ఫ్యాన్లనూ ఆపేసేవి. లేకుంటే ఒక గది పొగను యంత్రమే ఇంకో గదికి చేరవేయగలదు.

మన దగ్గర వైరింగ్ కూలి పాయింటు లెక్కన ఇస్తారు. లైటు ఒక పాయింటు, ప్లగ్గు ఒక పాయింటు. కంట్రోల్ తీగ ఆ లెక్కలోకి రాదు, పరీక్ష అసలే రాదు. అందుకే హడావుడిలో మొదట ఎగిరిపోయేది పరీక్షే. యూనిట్ కొనేవాళ్లు టెస్టింగ్‌కు విడిగా కూలి కట్టి, మెగ్గర్ రీడింగ్ కాగితం మీద రాయించుకుని, డయాగ్రం నకలు మెయిన్ బోర్డు తలుపు లోపల అంటింపజేసుకోవాలి.